గేటు దగ్గరి పలకకూ, ఆసుపత్రి గోడమీది శిలాఫలకానికీ మధ్య



కిందటి నెలలో మా బంధువుల అబ్బాయిని దిగబెట్టడానికి శ్రీ సిటీ దాకా వెళ్ళవలసి వచ్చింది. సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో ఒకప్పుడు మెట్టపొలాలూ ముళ్ళకంపలూ ఉన్న నేల అది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అటువైపు జీపులో వెళితే సాయంత్రానికి బట్టలన్నీ ఎర్రదుమ్ము. 2008 నుంచి అక్కడ ఒక్కొక్కటిగా కర్మాగారాలు లేచాయి. ఇసుజు, కోబెల్కో, యూనిచార్మ్, ఆల్‌స్టామ్, డైకిన్ వంటి పేర్లు ఇప్పుడు మా పల్లెల పిల్లలకు మేనమామల పేర్లంత పరిచయం.

అబ్బాయి పనిచేసే చోట గేటు పక్కన ఒక పలక ఉంది. ప్రమాదం లేకుండా గడిచిన రోజులెన్ని, చివరి ప్రమాదం ఏ తేదీన జరిగింది, ఇంతవరకు అత్యధికంగా ప్రమాదరహితంగా గడిచిన రోజులెన్ని, ఈ మూడు సంగతులూ అందులో అంకెల్లో ఉన్నాయి. కర్మాగారాల్లో ఇది మామూలే, మీలో చాలామంది చూసే ఉంటారు. నన్ను ఆకర్షించింది అందులోని రెండవ పంక్తి. ఎవరికో దెబ్బ తగిలిన తేదీని దాచకుండా, లోపలికి వచ్చే ప్రతివాడికీ కనిపించేలా గేటు ముందే రాసిపెట్టారు.

తిరుగు ప్రయాణంలో కాళ్ళు చాచుకుందామని ఒక ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర ఆగాను. గోడకు నల్లరాతి ఫలకం ఉంది. ఫలానా అంతర్జాతీయ సంస్థ ఆర్థిక సహాయంతో, ఇన్ని లక్షల వ్యయంతో, ఫలానా తేదీన, ఫలానా పెద్దల అమృత హస్తాలతో. అంతే. ఆ తేదీ తర్వాత ఏం జరిగిందో ఆ రాయికి తెలియదు, దాని ముందు కూర్చున్న రోగులకూ తెలియదు. ఈ రెండు పలకల మధ్య తేడా గురించే ఇవాళ మీతో మాట్లాడాలని ఉంది. దీనికీ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటని అనుకోకండి. ముప్పై ఏళ్ళకు పైగా అటువంటి ఫలకాల నీడలో వైద్యం చేసినవాణ్ణి నేను.

మొదట ఒక మాట సవరించుకుందాం. ఆ ఫలకాలమీద ‘సహాయం’ అని చెక్కుతారు గాని, అందులో అధిక భాగం అప్పు. 1994 చివర ప్రపంచ బ్యాంకు మన ఉమ్మడి రాష్ట్రంలోని తొలి రిఫరల్ ఆసుపత్రుల కోసం 13.3 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. 1986లో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు కింద ఉన్న జిల్లా, ఏరియా, కమ్యూనిటీ ఆసుపత్రులను బాగుచేయడం దాని లక్ష్యం. ఆ బ్యాంకులో భాగమైన ఐడీఏ అనే సంస్థ అప్పట్లో మన దేశానికి ఇచ్చిన రుణాలకు వడ్డీ ఉండేది కాదు, స్వల్పమైన సేవా రుసుము మాత్రమే. తీర్చే గడువు 35 ఏళ్ళు, మొదటి పదేళ్ళు అసలు కట్టనక్కరలేదు. లెక్క వేసుకోండి. ఆనాడు ఆ ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డలు ఇప్పుడు పన్నులు కడుతున్నారు, ఆ పన్నుల్లోంచి ఆ అప్పు ఇంకా తీరుతూ ఉంది. పన్నెండవ ఆర్థిక సంఘం సిఫారసు తర్వాత, అంటే 2005 నుంచి, విదేశీ రుణాన్ని కేంద్రం ఏ షరతులతో తెస్తుందో అవే షరతులతో రాష్ట్రానికి అందిస్తోంది. రూపాయి పడిపోతే ఆ భారం కూడా రాష్ట్రానిదే. 1994లో డాలరు 31 రూపాయలు, 2019లో 70కి దగ్గర, ఇప్పుడు 85 దాటింది.

నాలుగు వేలు అప్పు చేసి ఇంటికి బావి తవ్వించుకున్నవాడు నీళ్ళు పడ్డాయా లేదా అని చూడకుండా ఉంటాడా? ఈ ప్రాజెక్టుల్లో మనం చూడటం లేదు. పూర్తిగా మన తప్పు కూడా కాదు. చూసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు రాస్తున్నారు కూడా. ప్రపంచ బ్యాంకు తన ప్రతి ప్రాజెక్టు మీదా క్రమం తప్పకుండా అమలు నివేదికను ప్రచురిస్తుంది, ఆరు మెట్ల కొలమానంతో ‘సంతృప్తికరం’, ‘ఓ మోస్తరు సంతృప్తికరం’ అంటూ మార్కులు కూడా వేస్తుంది. 2010 నుంచి వాటిలో ఎక్కువ భాగం ఎవరైనా చదువుకోవచ్చు. కాని ఆ నివేదిక బ్యాంకు కోసం, ఢిల్లీ కోసం, అమరావతి కోసం రాసినది. బెంచీమీద కూర్చున్న రోగి కోసం ఎవరూ రాయలేదు.

నివేదికలో ఏది లెక్కపెడితే క్షేత్రంలో అదే జరుగుతుంది. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

1994 నుంచి 2002 వరకు ప్రపంచ బ్యాంకు రుణంతో ఏడు రాష్ట్రాల్లో కంటి శుక్లాల ప్రాజెక్టు నడిచింది. మన రాష్ట్రం అందులో ఒకటి. లక్ష్యం కోటీ పది లక్షల ఆపరేషన్లు. జరిగినవి కోటిన్నరకు పైగా. ఇది చిన్న విజయం కాదు. డేరాల్లో, బడుల వరండాల్లో జరిగే శిబిరాల నుంచి శస్త్రచికిత్స ఆసుపత్రి థియేటర్లోకి మారింది, కంట్లో కృత్రిమ కటకం అమర్చే పద్ధతి బీదవాడికి కూడా అందింది. ఆ కార్యక్రమాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేను కూడా అందులో ఒక చిన్న చేయి వేశాను.

నాది కంటి వైద్యం కాదు. పల్లెల్లో వృద్ధులను పరీక్షించి, పొర ముదిరినవారిని ఏరి, ఆపరేషనుకు పంపి, నెలాఖరున పట్టికమీద సంతకం చేసి పైకి పంపడం నా పని. ఆ పట్టికలో ఒక గడి ఉండేది, ‘ఈ నెల చేసిన ఆపరేషన్లు’ అని. దాని పక్కన లక్ష్యం, సాధించిన శాతం. నేను ఎన్నో నెలలు నూటికి నూరు దాటించాను, సమావేశాల్లో చప్పట్లు కొట్టించుకున్నాను.

ఒక ఏడాది వేసవిలో ఒక ముసలమ్మ మనుమరాలి భుజం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాలుగు నెలల ముందు నేను పంపిన మనిషే. అప్పటికి మా వైపు ఇంకా కటకం అమర్చని పాత పద్ధతే ఎక్కువ. శుక్లం తీసేసి సీసా అడుగులాంటి దళసరి కళ్ళద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలు ఉంటే చూపు ఉంటుంది, లేకుంటే ఆపరేషనుకు ముందు ఎంత గుడ్డో దాదాపు అంతే. ‘ఏమ్మా, ఆపరేషన్ అయింది కదా’ అన్నాను. ‘ఆపరేసనైతే అయింది సామీ, అద్దాలు పగిలిపోయినాయి’ అంది. పగిలి మూడు నెలలట. కొత్తవి ఎక్కడ దొరుకుతాయో ఎవరూ చెప్పలేదట. నా రిజిస్టరు తెరిచి చూశాను. ఆమె పేరు ఎదుట టిక్కు ఉంది. నా లెక్కలో ఆమె చూస్తున్న మనిషి. పై అధికారుల లెక్కలోనూ, ఆ పైన సముద్రాలు దాటిన లెక్కలోనూ అంతే.

అద్దాలు తెప్పించి ఇచ్చాను, అది పెద్ద సంగతి కాదు. ఆ రిజిస్టరులో అలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో వెతుకుదామని ఆ రోజు అనుకున్నాను. వెతకలేదు. వెతికితే దొరికినవారిని రాయడానికి పట్టికలో గడి లేదు. గడి లేని పని ఎవరు చేస్తారు? ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఇబ్బందిగా ఉండేది ఈ సంగతే.

అదే కాలంలో, 1996–2000 మధ్య, ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థవారు హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా ప్రజలను పరీక్షించారు. ఆపరేషను ఎన్ని జరిగాయని ఆసుపత్రులను అడగలేదు. వీధుల్లోకి వెళ్ళి కళ్ళు పరీక్షించారు. శుక్లాల ఆపరేషను అయినా సరిగా కనిపించని కళ్ళు అందులో చెప్పుకోదగినన్ని బయటపడ్డాయి. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రమాణం సూచించింది. ఆపరేషను అయిన కళ్ళలో కనీసం నూటికి ఎనభై, మనిషి దగ్గర ఉన్న అద్దాలతో, 6/18 లేదా అంతకంటె మెరుగ్గా చూడాలి. బాగా చూపు లేనివి అయిదుకు మించరాదు. ‘మనిషి దగ్గర ఉన్న అద్దాలతో’ అన్న మాటను గమనించండి. మా ముసలమ్మ ఆ లెక్కలో విఫలమైన కేసు. అదే సరైన లెక్క.

కుష్ఠువ్యాధి విషయంలో అంకె ఇంకో రకంగా పలికింది. 1991లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక గీత గీసింది. పదివేల మందిలో చికిత్స పొందుతున్న రోగులు ఒకరికంటె తక్కువైతే ప్రజారోగ్య సమస్యగా ఆ వ్యాధి తొలగినట్టే. మన దేశ కార్యక్రమానికి 1993 నుంచి ప్రపంచ బ్యాంకు రుణం అందింది. మందులను నిప్పన్ ఫౌండేషనూ, తర్వాత నోవార్టిస్ సంస్థా ఉచితంగా ఇచ్చాయి. 2005 డిసెంబరు నాటికి దేశం ఆ గీత దాటింది, పదివేలకు 0.95. లక్షలాది మంది అంగవైకల్యం నుంచి తప్పించుకున్నారు. ఆ కార్యకర్తలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

అయితే ఆ అంకె ఎలా తగ్గుతుందో చూడండి. అది ఒక రోజున మందు తింటున్నవారి లెక్క. 1997లో నిపుణుల సంఘం తీవ్రరకానికి చికిత్సను 24 నెలల నుంచి 12 నెలలకు కుదించమంది. వైద్యపరంగా అందుకు కారణాలున్నాయి. కాని కొత్తగా జబ్బు పడేవారు ఒక్కరు కూడా తగ్గకపోయినా, జాబితాలో ఉండే కాలం సగమైతే ఆ రకం రోగుల లెక్క సుమారు సగానికి పడుతుంది. తొట్టిలోకి వచ్చే నీరు అలాగే ఉంది, అడుగున తూము పెద్దది చేశాం. నీటిమట్టం తగ్గిందని సంబరపడ్డాం. గీత దాటాక ప్రత్యేక సిబ్బంది పలుచనయ్యారు, ఇంటింటి గాలింపు ఆగింది. 2016లో మళ్ళీ ఇంటింటికీ తిరిగి వెతకడం మొదలుపెడితే దాగి ఉన్న రోగులు బయటపడ్డారు. 2016–17లో దేశంలో నమోదైన కొత్త కేసులు 1.35 లక్షలు. నివేదిక అబద్ధం చెప్పలేదు. అది చెప్పిన నిజం మనకు కావలసిన నిజం కాదు, అంతే. చర్మంమీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ఇప్పటికీ వెంటనే చూపించుకోండి, ‘అది పోయిన జబ్బు కదా’ అనుకోవద్దు.

ఇప్పటి రోజులకు వద్దాం. 2019లో ప్రపంచ బ్యాంకు మన రాష్ట్ర ఆరోగ్య వ్యవస్థకు 32.8 కోట్ల డాలర్ల రుణానికి ఒప్పుకుంది. దీని పద్ధతి కొత్తది. ఖర్చు బిల్లులు చూసి కాదు, ముందు అనుకున్న ఫలితాలు చూసి డబ్బు విడుదల చేస్తారు. ఆసుపత్రులు నాణ్యతా ధ్రువీకరణ పొందడం, రక్తపోటు, మధుమేహం, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు వంటివి ఆ ఫలితాల్లో ఉన్నాయి. మా కాలపు పద్ధతికంటె ఇది ఎంతో మేలు, సందేహం లేదు. అయినా పాత వైద్యుడికి ఒక అనుమానం పోదు. ధ్రువపత్రం గోడకు తగిలించిన రోజున ఉన్న శుభ్రత, ఆరు నెలల తర్వాత ప్రసూతి గదిలో ఉందా? రక్తపోటు చూసినవారి సంఖ్య పెరిగింది సరే, తగ్గినవారు ఎందరు?

ఈ చివరి ప్రశ్నకు పొరుగునే ఒక మంచి జవాబు ఉంది. 2017లో ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ ఒకటి. మన ఆరోగ్య శాఖ, వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపే పని అది. 2022లో ఐక్యరాజ్య సమితి పురస్కారం కూడా పొందింది. అక్కడ ముఖ్యమైన లెక్క ఒక్కటే. నమోదైన రోగుల్లో ఈ మూడు నెలల్లో వచ్చి, రక్తపోటు 140/90 కంటె తక్కువగా ఉన్నవారు ఎంతమంది? మందుకు రానివాడిని లెక్కలోంచి తీసేయరు. ‘రాలేదు’ అని వేరే గడిలో చూపిస్తారు. ఆ గడి ఉంది కనుకనే ఏఎన్ఎం ఆ మనిషి ఇంటికి వెళుతుంది. నా ముసలమ్మకు ఆ గడి ఉంటే ఆమె మూడు నెలలు చీకట్లో కూర్చునేది కాదు.

శ్రీ సిటీ చుట్టూ జరుగుతున్నదాన్ని కూడా ఈ కంటితో చూడాలి. చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌కు జపాన్ సహకార సంస్థ జైకా ప్రణాళిక తయారు చేసింది. విశాఖపట్నం–చెన్నై కారిడార్‌కు 2016లో ఆసియా అభివృద్ధి బ్యాంకు 63.1 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. దానిలోని నాలుగు కేంద్రాల్లో శ్రీకాళహస్తి–ఏర్పేడు ఒకటి. రోడ్లు, నీరు, విద్యుత్తు, పారిశ్రామిక వాడలు అని వినగానే ఇది ఇంజనీర్ల వ్యవహారం అనిపిస్తుంది. కాని ఆ బ్యాంకు నియమం ప్రకారం ఇటువంటి పనులమీద పర్యావరణ, సామాజిక పర్యవేక్షణ నివేదికలు రాసి ప్రచురించాలి. నేను కొన్ని తెరిచి చదివాను. పనివాళ్ళ గుడిసెల్లో తాగునీరు, మరుగుదొడ్లు, గాలిలో దుమ్ము, రాత్రి శబ్దం, హెల్మెట్లు, ప్రథమ చికిత్స పెట్టె, అన్నీ ఆరోగ్య విషయాలే. గాలిలో సన్నని ధూళికి, అంటే పీఎం 10కి, 24 గంటల సగటు ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు దాటరాదని మన జాతీయ ప్రమాణం. రోడ్డు పని జరిగే ఊళ్ళో ఉబ్బసం ఉన్న తల్లికి ఈ ఒక్క అంకె తెలిస్తే చాలు, కిటికీ ఎప్పుడు మూయాలో, ఎవరిని నీళ్ళు చల్లమనాలో తెలుస్తుంది.

నేను చదివిన నివేదికలన్నీ ఆంగ్లంలో ఉన్నాయి. అదే బ్యాంకు, భూములు పోయేవారికి ప్రణాళికను వారికి అర్థమయ్యే భాషలో తెలియజేయాలని నియమం పెట్టుకుంది. పని మొదలయ్యే ముందు తెలుగు, మొదలయ్యాక ఆంగ్లం! పెళ్ళిచూపులనాడు మాట్లాడిన భాష కాపురంలో అక్కరకు రాకపోతే ఎలా?

ఇక్కడ ఒక మిత్రుడు, ఆయనా విశ్రాంత అధికారే, నాతో వాదించాడు. ‘తెలుగులో వేసినా ఎవరు చదువుతారు? ఉన్న కాగితాలతోనే ఆరోగ్య కేంద్రాల సిబ్బంది చచ్చిపోతున్నారు, నువ్వు ఇంకో పట్టిక తగిలిస్తావా?’ అన్నాడు. రెండవ మాట నిజం. ఇవాళ ఏఎన్ఎం చేతిలో ఎన్ని యాప్‌లు ఉన్నాయో చూస్తే జాలేస్తుంది. సూదిమందు వేసే సమయంకంటె దాన్ని నమోదు చేసే సమయం ఎక్కువవుతోంది. కొత్త పట్టిక నేను అడగడం లేదు. పైకి పోతున్న అంకెల్లోంచే మూడు నాలుగు ఏరి, ఆ ఊరివి ఆ ఊరి గోడమీద రాయమంటున్నాను. మొదటి మాట మాత్రం ఒప్పుకోను. శ్రీ సిటీలో పనిచేసే పదో తరగతి చదివిన పిల్ల రోజూ గేటు దగ్గర పలక చదువుకునే లోపలికి పోతోంది. ఆ పిల్ల తల్లికి ప్రభుత్వ ఆసుపత్రిలోని అంకెలు అర్థం కావని ఎవరు చెప్పారు?

పైగా ఇది దయతో చేయవలసిన పని కాదు. 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగవ సెక్షను, ఎవరూ అడగకముందే సమాచారం ప్రకటించమంటుంది. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోమని అదే సెక్షనులో స్పష్టంగా ఉంది.

జపానువారి దగ్గర నేర్చుకోదగినది ఒకటుంది. జైకా ఒక ప్రాజెక్టు ముగిసి కొన్నేళ్ళు గడిచాక మళ్ళీ వచ్చి చూస్తుంది. పెద్ద ప్రాజెక్టులైతే బయటి పరిశీలకులను పంపుతుంది. ఇచ్చిన యంత్రం ఇంకా పనిచేస్తోందా, ఎవరైనా వాడుతున్నారా అని రాసి, శ్రేణి ఇచ్చి ప్రకటిస్తుంది. తక్కువ శ్రేణి వచ్చినవి కూడా ప్రకటిస్తుంది. మనం వైద్యంలో దీన్ని ‘ఫాలో అప్’ అంటాం. కుట్లు విప్పడానికి రాని రోగిని తిడతాం గాని, ప్రాజెక్టు కుట్లు మాత్రం ఎవరూ విప్పి చూడరు.

మీరు ఏం చేయవచ్చునంటే, ఈసారి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు గోడమీద విదేశీ సంస్థ పేరున్న ఫలకం ఏదైనా ఉందేమో చూడండి. ప్రాజెక్టు పేరు, సంవత్సరం రాసుకోండి. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మీకు తెలిసిన సభ్యులుంటే మూడు ప్రశ్నలు అడగమనండి. అప్పుడు వచ్చిన పరికరాల్లో ఇప్పుడు పనిచేస్తున్నవి ఎన్ని? ఈ మూడు నెలల్లో నమోదైన రక్తపోటు రోగుల్లో అదుపులో ఉన్నవారు ఎందరు, రానివారు ఎందరు? కిందటి ఏడు శుక్లాల ఆపరేషనుకు వెళ్ళినవారిలో ఎందరి చూపు మళ్ళీ పరీక్షించారు? వైద్యాధికారిమీద కోపంతో అడగవద్దు. చాలావరకు ఆయన కూడా నాలాగే గడి లేక ఊరుకున్నవాడై ఉంటాడు.

ప్రాజెక్టు పేరు తెలిస్తే దాని నివేదిక ఆంగ్లంలో ఎక్కడో దొరుకుతుంది. నాకు పంపండి. కంటికి ఈ మధ్యే నేను కూడా శుక్లం తీయించుకున్నాను, కటకం బాగా కుదిరింది, నెలకు ఒకటి రెండు చదివి తెలుగులో సారాంశం రాయగలను. సత్యవేడు, వరదయ్యపాలెం, సూళ్ళూరుపేట వైపువారు పంపితే ముందుగా అవి చూస్తాను, ఆ ఆసుపత్రులకు నేను స్వయంగా వెళ్ళి సరిచూడగలను కనుక.